కట్నం బిల్లు రెండు సభలు దాటిన కథ



పార్లమెంటు అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేవి కేకలు, వాకౌట్లు. ఆ గొడవ వెనకాల ఒక పద్ధతి వుంది. ఆ పద్ధతిని రాజ్యాంగం రాసిపెట్టింది. ఒట్టి సూత్రాలు వల్లిస్తే ఇంట్లో ఎవరూ చదవరు. అందుకని మన ఇళ్ళకు దగ్గరైన ఒక చట్టం ఎలా పుట్టిందో చెప్పి, దాని ద్వారానే పార్లమెంటు పని వివరిద్దామనుకున్నాం. ఆ చట్టమే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం.

రాజ్యాంగం 79వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి, రాజ్యసభ, లోక్‌సభ, ఈ మూడూ కలిస్తేనే పార్లమెంటు. లోక్‌సభ సభ్యుల్ని మనమే ఓట్లేసి పంపుతాం. దాని గడువు ఐదేళ్ళు. రాజ్యసభ సభ్యుల్ని ప్రధానంగా రాష్ట్రాల ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. ఈ సభ ఎన్నడూ రద్దు కాదు. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతారు, వారి స్థానంలో కొత్తవారు వస్తారు. మంత్రివర్గం మాత్రం లోక్‌సభకే జవాబు చెప్పుకోవాలి. అక్కడ మెజారిటీ పోతే ప్రభుత్వమే పోతుంది.

మామూలు బిల్లును ఏ సభలోనైనా పెట్టవచ్చు. ముందు ప్రవేశపెడతారు, తర్వాత ఒక్కొక్క క్లాజు మీద చర్చించి సవరణలు చేస్తారు, చివరికి ఓటుకు పెడతారు. ఆపైన రెండో సభలోనూ ఇదే తతంగం. రెండూ ఒప్పుకున్నాక రాష్ట్రపతి ఆమోదం పొందితేనే అది చట్టం. పన్నులకు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన ద్రవ్య బిల్లు సంగతి వేరు. అది లోక్‌సభలోనే మొదలవ్వాలి. రాజ్యసభ 14 రోజుల్లో సలహా చెప్పవచ్చునే గాని ఆపలేదు.

మరి మామూలు బిల్లు మీద రెండు సభలకూ పడకపోతే? ఇక్కడే మన కట్నం కథ వస్తుంది.

కట్నం మీద చట్టం చేసిన మొదటి రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటని ఎంతమందికి తెలుసు? బీహారు 1950లో చేస్తే, మనవాళ్ళు 1958లో చేశారు. 1959లో దేశమంతటికీ వర్తించేలా కేంద్రం లోక్‌సభలో బిల్లు పెట్టింది. ఏది కట్నం, ఏది కానుక అన్న దగ్గర రెండు సభలకూ చుక్కెదురయింది. బిల్లు అటూ ఇటూ తిరిగింది గాని రాజీ కుదరలేదు.

ఇలాంటి చిక్కుకు 108వ అధికరణంలో దారి వుంది. రాష్ట్రపతి ఉభయ సభల్నీ ఒకచోటికి పిలుస్తారు, అందరూ కలిసి ఓటు వేస్తారు. 1961 మే నెల 6, 9 తేదీల్లో అదే జరిగింది. మన దేశ చరిత్రలో అదే మొదటి ఉమ్మడి సమావేశం. ఇలాంటి సమావేశాలకు లోక్‌సభ స్పీకరే అధ్యక్షులు. ఆనాటి స్పీకర్ చిత్తూరు నుంచి గెలిచిన అనంతశయనం అయ్యంగార్ గారు. ఆ తర్వాత 1978లో, 2002లో తప్ప మళ్ళీ చట్టం కోసం ఉమ్మడి సమావేశం జరగలేదు. అంత అరుదైన మార్గాన వచ్చిన చట్టమిది. 1961 మే 20న రాష్ట్రపతి ఆమోదం దొరికింది, జూలై 1న అమల్లోకి వచ్చింది.

అందులో మనం గమనించవలసిన మాట ఒకటుంది. ముస్లిం పర్సనల్ లా వర్తించేవారి మహర్ కట్నం కిందికి రాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. మహర్ అబ్బాయి అమ్మాయికి ఇచ్చేది. కట్నం అందుకు తలకిందులు. పార్లమెంటు ఆ తేడా గుర్తించింది. మనమే మరిచిపోతున్నామని బాధతో చెప్పక తప్పదు.

చట్టం వచ్చింది గాని పస లేకపోయింది. పెళ్ళి కోసం ప్రతిఫలంగా ఇచ్చిందని తేలితే తప్ప పెళ్ళినాటి కానుకలు కట్నం కావని అందులో ఒక వివరణ వుండేది. ఇక చూడండి, అడిగి తీసుకున్నదీ కానుకే అయింది! శిక్ష కూడా ఆరు నెలలకు మించదు.

అయితే తన చట్టంలో లోపముందని పార్లమెంటే ఒప్పుకుంది. 1980లో ఉభయ సభల సభ్యులతో ఒక సంయుక్త కమిటీ వేసింది. ఆ కమిటీ 1982లో నివేదిక ఇచ్చింది. 1984 సవరణతో ఆ వివరణ ఎగిరిపోయింది. 1986 సవరణతో కనీస శిక్ష ఐదేళ్ళయింది. కట్నం చావుల్ని ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చిందీ అప్పుడే. 2024 జూలై 1 నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్లో వుంది.

ఇంత శ్రమపడి రెండు సభలు చేసిన చట్టాన్ని మన షాదీ మాటల్లో ఒక్క నిమిషంలో పక్కన పెట్టేస్తున్నాం. హైదరాబాదు వైపు 'జోడే కీ రఖం' అన్నా, ఇంకోచోట ఇంకో పేరు పెట్టినా, పేరు మార్చితే నేరం మారదు. తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. అప్పుచేసి అమ్మాయిని పంపిన అబ్బాలు, అమ్మీలు మనలో ఎందరు లేరు?

సభ్యులందరికీ ఒక మనవి. అడగకుండా ప్రేమతో ఇచ్చిన కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. నికాహ్‌నామాలో మహర్ రాసిన రోజే ఆ జాబితా కూడా రాయించండి. కట్నంగా ఎవరి చేతికి ఏది ముట్టినా అది ఆ అమ్మాయికే చెందుతుందనీ, మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలనీ 6వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట మన ఆడపిల్లలకు తప్పక తెలియాలి.

చట్టం చేయడం పార్లమెంటు పని. దాన్ని మన గడప లోపలికి తెచ్చుకోవడం మన పని. వచ్చే షాదీల సీజనులో ఒక్క ఇల్లయినా అలా మొదలుపెడితే ఈ నాలుగు ముక్కలు రాసినందుకు మాకు తృప్తి.