టెలికాం న్యాయవాది: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో వృత్తి
టెలికాం న్యాయవాది అనగానే ఢిల్లీలో టెలికాం తగాదాలు వినే ట్రిబ్యునల్ టీడీశాట్ గుర్తొస్తుంది. 2000లో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్‌లో లైసెన్సుల తగాదాలు నడుస్తాయి. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప చేలల్లో మాత్రం ఈ వృత్తికి అసలు పని భూమి దగ్గరే. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద అధికారం పొందిన సంస్థ, 1885 టెలిగ్రాఫ్ చట్టం బలంతో, భూసేకరణ లేకుండానే చేలో కరెంటు లైన్ టవర్ వేయగలదు. పరిహారం చాలదన్న రైతు జిల్లా జడ్జిని ఆశ్రయించాలి. అది కరెంటు తగాదా కదా అనవచ్చు. నిజమే, కానీ 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత చట్టాన్ని రద్దు చేస్తూనే, ఆ లైన్ల కోసం దాని మూడో భాగాన్ని అట్టే ఉంచింది. పాత చట్టం చదవకుండా ఆ రైతు కేసు వాదించలేరు. ఇక ఫోన్ బిల్లు గొడవకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు: పాత టెలిగ్రాఫ్ చట్టం 7బి సెక్షన్‌లో ఆర్బిట్రేషన్ ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.