అంతస్తూ ఆయువూ

పేదవాని ఆయువు కొద్ది అన్న సంగతి లోకమునకు కొత్త కాదు. దానిని లెక్కగట్టి చూపవలెనన్న పట్టుదల మాత్రము పందొమ్మిదవ శతాబ్దిలో బలపడినది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ బ్రిటిష్ ప్రభుత్వమునకు సమర్పించిన పారిశుద్ధ్య నివేదికలో కొన్ని అంకెలున్నవి. లివర్పూల్ నగరమున మరణించినవారి సగటు వయస్సు పెద్దయింటివారిలో 35 ఏండ్లు, వర్తకులలో 22, కూలీలలో 15. పసిబిడ్డల చావులు కూడ కలియుటచేత అంకెలింతగా దిగినవి. కాని ఆ పసిబిడ్డలు ఏ వాడలో ఎక్కువగా చనిపోయిరన్నదే అసలు ప్రశ్న. పల్లెపట్టయిన రట్లండ్‌లో కూలీల సగటు 38. పట్టణపు దొరల సగటును అది మించినది. ఇందువలన చాడ్విక్ దృష్టి అంతయు మురుగుకాలువల మీదికి మళ్ళినది. 1834 నాటి పేదల చట్టమును రూపొందించినవారిలో ఆయన ఒకడు. కూలివాని కూలి సంగతి ఆయనకు ప్రధానముగా తోచకపోవుటలో వింత లేదు.

ఆరేండ్లు గడచిన పిమ్మట, 1848లో, ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము చెలరేగినది. ప్రష్యా ప్రభుత్వము రుడాల్ఫ్ విర్కో అను యువవైద్యుని అక్కడికి పంపినది. ఆయన వయస్సు అప్పటికి 26 ఏండ్లు. తిరిగివచ్చి ఆయన వ్రాసిన నివేదిక మందులతో ముగియలేదు. ఆ ప్రజలకు స్వయంపాలన కావలెను, చదువు కావలెను, బ్రతుకుతెరువు కావలెను అన్నాడు. అక్కడి బీదలు పోలిష్ మాటలాడువారు, పాలకుల భాష జర్మన్. పోలిష్‌కు అధికారభాషగా గుర్తింపు ఉండవలెనని కూడ విర్కో కోరినాడు. జ్వరమునకు వ్రాసిన మందుచీటిలో మాతృభాష చేరిన ఈ ఘట్టము వైద్యులకంటె సాహిత్యపరులు ఎక్కువగా తలచుకొనదగినది. మరుసటి సంవత్సరమే ఆయన బెర్లిన్‌లోని కొలువు విడిచి వ్యూర్ట్స్‌బర్గ్ చేరవలసివచ్చినది.

ఈ ఇద్దరి కాలమున పేదరికమనగా ఆకలి, మురికి, చలి. అవి తొలగినచో ఆయుర్దాయములోని ఎక్కువతక్కువలు తామే సమసిపోవునని పెక్కుమంది ఆశించినారు. 1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడి అందరికిని వైద్యము ఉచితమైనప్పుడు ఆ ఆశ మరింత బలపడినది. దానిని కదిలించినది లండన్ నగరమందలి వైట్‌హాల్, అనగా ప్రభుత్వ కచేరీల వీథి.

1967లో అక్కడి మగ ఉద్యోగులను సుమారు 18,000 మందిని పరీక్షించి, ఆపైన ఏండ్ల తరబడి వారి చావుబ్రతుకులను లెక్కించుచు వచ్చినారు. పరిశోధన ఆరంభించినవారు డోనల్డ్ రీడ్, జాఫ్రీ రోజ్. పిమ్మట దాని ఫలితములను లోకమునకు చాటినవాడు మైకేల్ మార్మట్. గుండెజబ్బు పెద్ద అధికారులకు వచ్చునది, బరువు బాధ్యతలు మోయుట వలన వచ్చునది అని అంతకుముందు జనము నమ్మెడివారు. 1978లో వెలువడిన లెక్క దానిని తలక్రిందులు చేసినది. అట్టడుగు శ్రేణివారు, అనగా బంట్రోతులు, ద్వారము కాచువారు, పైశ్రేణి అధికారులకంటె మూడింతలకు పైగా గుండెజబ్బుతో మరణించుచున్నారు. పొగత్రాగుట, రక్తపుపోటు, కొలెస్టరాల్ అన్నిటిని లెక్కలోనికి తీసుకొన్నను అంతరములో కొంతభాగమే తీరినది.

ఇందులో ఆలోచింపదగినది మరొకటి కలదు. ఆ బంట్రోతు ఆకలితో ఉన్నవాడు కాడు. నెలజీతము కలదు, పింఛను కలదు. వానికి పైమెట్టున ఉన్న గుమాస్తా కూడ తనకు పైవానికంటె త్వరగా పోవుచున్నాడు. మెట్టు మెట్టునకు ఆయువు మారుచున్నది. కావున దీనిని కేవలము దారిద్ర్యమనుటకు వీలులేదు.

1985లో స్త్రీలను కూడ చేర్చి 10,308 మందితో రెండవ పరిశోధన మొదలైనది. తన పనిమీద తనకు అధికారము లేకపోవుట, ఎప్పుడు లేవవలెనో ఏది ముందు చేయవలెనో ఇతరుడు నిర్ణయించుట, గుండెజబ్బుతో ముడిపడి ఉన్నట్లు 1997లో ప్రకటించినారు. ఆపద వచ్చినప్పుడు దేహము కార్టిజాల్ మొదలగు ద్రవములను విడుదల చేసి పెనుగులాటకు సిద్ధపడును. ఆపద తీరగనే శాంతించును. కచేరీలో ఆపద తీరదు, పెనుగులాడుటకును వీలులేదు. చేతులు కట్టుకొని నిలుచుండుట మన దేశమున మర్యాద క్రింద చెల్లుచున్నది. దాని వెల దేహమెక్కడ చెల్లించుచున్నదో మన కథకులు గుమాస్తా బ్రతుకును చిత్రించినంతగా చిత్రింపలేదు.

2009లో రిచర్డ్ విల్కిన్‌సన్, కేట్ పికెట్ మరొక అడుగు ముందుకు వేసి, అసమానత హెచ్చిన దేశములలో మొత్తము సమాజమే రుగ్ణమగునని వాదించినారు. దేశములకు దేశములను పోల్చు ఆ లెక్కలపై ఆక్షేపణలు లేకపోలేదు. వాటిలో కొన్ని సమంజసమైనవే. వైట్‌హాల్ అంకెలు వాటిమీద ఆధారపడినవి కావు.

మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో ఒక సంఘమును నియమించినది. అమర్త్య సేన్ అందొక సభ్యుడు. 2008 నాటి దాని నివేదికలో గ్లాస్గో ప్రస్తావన ఉన్నది. నగరమందలి కాల్టన్ పేటలో పుట్టిన మగబిడ్డకు 54 ఏండ్ల ఆయుర్దాయము, కొలది మైళ్ళ దూరముననే ఉన్న లెంజీలో పుట్టినవానికి 82. చాడ్విక్ కోరిన మురుగుకాలువలు ఆ రెండు చోట్లను ఏనాడో పడినవి.