హైదరాబాదు పేరు, మాధవాయపాలెం బట్ట: ప్రపంచ యుద్ధ విమానాలలో తెలుగునాట జాడలు

మహారాష్ట్రలోని థానే జిల్లా భివండి పట్టణం మరమగ్గాలకు ప్రసిద్ధి చెందినది. తెలంగాణ పల్లెల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి పద్మానగర్ వంటి పేటలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. సాంచాపై నుండి దిగిన కోరా బట్ట చీరకు, చొక్కాకు, దుప్పటికి పోతుందని అందరూ ఎరిగినదే. అయితే ఒకప్పుడు యుద్ధ విమానానికి కూడా పైతొడుగు బట్టయే. బ్రిటిష్ వైమానిక దళంలో మూడు స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరును ధరించాయి. వాటిలో ఒకటి ఒక తెలుగు గ్రామం పేరుగల బట్టను చుట్టిన విమానాలను కూడా నడిపింది.

బట్ట కట్టిన రెక్కలు

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు (1914–18) విమానాల చట్రం సాధారణంగా కలపతో నిర్మితమైనది. దానిపై అవిసె నారతో నేసిన లినెన్ బట్టను పరచి, రెక్కలోని పక్కటెముకల వంటి కర్రలకు దారంతో కుట్టేవారు. పిమ్మట డోపు అనే ద్రవాన్ని పూతలు పూతలుగా పూసేవారు. అది ఆరేకొద్దీ బట్ట బిగిసి, డప్పు తోలువలె గట్టిపడి, గాలికీ నీటికీ చొరరానిదయ్యేది. అవిసె నార పోగు పొడవైనది. తడిసినప్పుడు దాని బలం మరింత పెరుగుతుంది. అందువలన ఐర్లండు లినెన్‌కు విశేషమైన గిరాకీ ఉండేది. పడుగులో గాని పేకలో గాని లోపమున్న బట్ట ఆకాశంలో చిరిగితే లోపలి మనిషికి దిక్కు లేదు.

1918: నిజాం కానుక

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లు సమకూరాయి. ఇద్దరు కూర్చుండే ఈ విమానంలో 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను ఉండేది. ఒక్కొక్క విమానంపై అది నిజాం కానుక అని రాయించారు. 1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్సు నుండి జర్మనీ పట్టణాలపై దాడులు ఆరంభించింది. ఆ విమానాలలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5న శత్రుభూమిలో దిగి జర్మనుల వశమైంది; అందులోని ఇద్దరూ బందీలయ్యారు. బెర్లిన్‌లోను, తదుపరి పోలండులోను గడిపిన ఆ విమానం 1977లో బ్రిటన్ చేరి, రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సొత్తయింది.

రెండవ ప్రపంచ యుద్ధం

1939లో యుద్ధం మొదలైన పిదప 152వ దళం హైదరాబాదు పేరుతోను, 253వ దళం హైదరాబాదు స్టేట్ పేరుతోను తిరిగి ఏర్పడ్డాయి. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగాయే ఉంది. 1940 నాటి బ్రిటన్ గగన యుద్ధంలో 152వ దళం స్పిట్‌ఫైర్లను, 253వ దళం హరికేన్లను నడిపాయి. స్పిట్‌ఫైరు ఒడలు లోహపు రేకుతో చేసినది. హరికేన్ వెనుక భాగం మాత్రం అప్పటికీ బట్టయే. తూటా ఆ బట్టను చీల్చి ఆవలికి పోతే, చిరిగిన చోట అతుకు వేసి విమానాన్ని త్వరగా మరల ఎగిరించగలిగేవారు. ఆ యుద్ధంలో స్పిట్‌ఫైర్ల కంటే హరికేన్లే ఎక్కువ సంఖ్యలో పాల్గొన్నాయి.

పాత 110వ దళం 1939 సెప్టెంబరు 4న, అనగా బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే, బ్లెన్‌హైమ్ బాంబర్లతో జర్మన్ యుద్ధనౌకలపై దాడి చేసింది. 1942లో భారతదేశానికి తరలి, వెంజియెన్స్ డైవ్ బాంబర్లతో బర్మా రంగంలో పనిచేసింది. 1945లో మస్కిటో విమానాలను నడిపింది.

మస్కిటోపై మాధవాయపాలెం

మస్కిటో కొయ్య విమానం. పలుచని ప్లైవుడ్ పొరల నడుమ తేలికైన బాల్సా కలపను అతికి దాని ఒడలు చేసేవారు. ఆ కొయ్యపై మడపొల్లం అనే సన్నని నూలు బట్టను అంటించి డోపు పూసేవారు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చెంతనున్న మాధవాయపాలెమే ఆంగ్లేయుల నోట మడపొల్లమైంది. 17వ శతాబ్దంలో అక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఆ తీరపు చేనేత బట్ట ఊరి పేరుతోనే విదేశాలకు పోయింది. కాలక్రమంలో ఇంగ్లండు మిల్లులు అదే రకపు బట్టను అదే పేరుతో నేశాయి; మిల్లు సరుకు పోటీకి మన నేతగాడి మగ్గం మూలబడింది. చివరకు ఊరి పేరు మాత్రం విమానమెక్కింది.

ధనమెవరిది?

నిజాం రాజ్యానికి ప్రధాన ఆదాయం భూమిశిస్తు. నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫేఖాస్ భూముల రాబడి కూడా రైతు చెల్లించినదే. ఆదిలాబాదు, నిజామాబాదు, నాందేడ్ పల్లెలు 1956 వరకు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. కావున సరిహద్దుకు ఇరువైపులా ఉన్న రైతుల శిస్తుకు ఆ కానుకలతో సంబంధముంది. విమానంపై రాసినది మాత్రం ప్రభువు పేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన నాటికి, హైదరాబాదు పేరుగల స్పిట్‌ఫైర్లు, హరికేన్లు బ్రిటన్‌లోనే ఉన్నాయి.

యుద్ధానంతరం జెట్ విమానాలు రావడంతో పోరాట విమానాలకు బట్ట అవసరం తీరిపోయింది. అయినను చిన్న విమానాలకు, తిరిగి బాగుచేసిన పాత విమానాలకు నేటికీ బట్ట తొడుగుతున్నారు. అందులో అధికంగా వాడేది పాలిస్టర్. మస్కిటో మడపొల్లమైనా, భివండి సాంచాపై సాదా నేత కోరా అయినా అల్లిక ఒక్కటే: పేక ఒక పడుగు పోగు మీదుగా, మరొక పోగు కిందుగా సాగుతుంది. హైదరాబాదు పేరును విమానంపై రంగుతో రాశారు. మాధవాయపాలెం పేరు బట్టతోపాటే వెళ్లింది. దానిని మొదట నేసిన వారి పేర్లు ఎక్కడా లేవు.