ప్లాటినం బదులు బొగ్గు?

చిన్నప్పుడు మా పెద్దవూరలో కమ్మరి కొలిమి చూసి, బొగ్గంటే కాలి బూడిదయ్యేదే అనుకునేవాణ్ణి. పొరపాటే!

1839లో విలియమ్ గ్రోవ్ హైడ్రోజన్, ఆక్సిజన్లతో కరెంటు తీశాడు. ఇందులో మొండిది ఆక్సిజనే. దాన్ని కదిలించాలంటే ఖరీదైన ప్లాటినం కావాలి. 1964లో జాసిన్‌స్కీ కోబాల్ట్ థాలోసైనిన్‌తోనూ పని జరుగుతుందని చూపాడు. 2009లో లిమింగ్ డాయ్ బృందం ఇంకో అడుగు వేసింది: నైట్రోజన్ కలిపిన కార్బన్ నానోట్యూబులు క్షార ద్రావణంలో ప్లాటినాన్నే మించాయంది. నైట్రోజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటే, పక్కనున్న కార్బన్ ఆక్సిజన్‌ని పట్టుకుంటుందన్నమాట.

తిరకాసేంటంటే, ఆ ట్యూబుల్ని పెంచింది ఇనుమున్న పదార్థంతో. ఇనుము తీసేశామన్నారు. అయినా మిగిలిపోయిన రేణువులదే ఆ ఘనతేమో అన్న అనుమానం ఈ రంగాన్ని వదల్లేదు. నాకు నచ్చింది ఆ అనుమానమే. ప్రోగ్రామ్ నడిస్తే చాలదు, ఎందుకు నడిచిందో తెలియాలిగా!

ఆమ్లంలో మాత్రం ఈ బొగ్గు వెనకే. 2014లో వచ్చిన టొయోటా మిరాయ్ కారులోనూ ప్లాటినమే మరి.