మా ఇంటి డివిడి ప్లేయర్ చరిత్ర

మా సాంఘికశాస్త్రం టీచరు ఈసారి పత్రికకు "మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు చరిత్ర రాయండి" అన్నారు. మా క్లాసులో ఒకరు గని దీపం గురించి, ఒకరు వాళ్ళ అవ్వ విసురురాయి గురించి రాస్తామన్నారు. నేను డివిడి ప్లేయర్ అన్నాను. అందరూ నవ్వినారు. "అదేం పాత వస్తువు? మనకంటే అయిదారేండ్లే కదా పెద్దది" అనింది నా పక్కన కూర్చునే అమ్మాయి. నిజమే. కానీ గని దీపంలో నూనె పోస్తే ఈరోజు కూడా వెలుగుతుంది. మా ప్లేయర్ వెలగదు. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

ఇంట్లో బొమ్మ చూడాలంటే ముందు కరెంటు కావాలి. ఆ విషయంలో మా కె.జి.ఎఫ్. చాలా ఊళ్ళకంటే ముందు. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఇక్కడికి కరెంటు తెచ్చినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. అయితే ఆ కరెంటు తెచ్చింది గనుల యంత్రాల కోసం, మా లైన్ ఇండ్ల కోసం కాదు.

ఇంట్లోనే సినిమా చూడటం మన దేశంలో ఎక్కువయింది 1982 తర్వాత. ఆ ఏడాది ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినాయి, రంగుల టి.వి. ప్రసారాలు మొదలయినాయి. జపానులో జె.వి.సి. కంపెనీ 1976లో తెచ్చిన వి.హెచ్.ఎస్. టేపులు కూడా అప్పటికే వచ్చేసినాయి. ఆ టేపు వేసే పెట్టెను మా అవ్వ ఇప్పటికీ "డెక్కు" అంటుంది. కొనేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. లైనులో అందరూ తలా రెండు రూపాయలు వేసుకొని, టి.వి.ని డెక్కును ఒక రాత్రికి బాడుగకు తెచ్చేవాళ్ళంట. ఒక రాత్రికి మూడు సినిమాలు. వీధిలో చాపలు వేసుకొని, సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్ళు కూడా స్నానం చేసి వచ్చి కూర్చునేవాళ్ళు.

ఇక్కడే మా అవ్వకు ఒక కోపం ఉంది. మా లైనులో తమిళం వాళ్ళు ఎక్కువ, తెలుగువాళ్ళం తక్కువ. కాబట్టి మొదటి సినిమా తమిళం, రెండోదీ చాలాసార్లు తమిళమే. తెలుగు సినిమా మూడోది. అది వేసేటప్పటికి తెల్లవారుజాము రెండు దాటేది. "మీ నాయన చిన్నప్పుడు తెలుగు సినిమా ఒక్కటి కూడా పూర్తిగా చూళ్ళేదు. టైటిల్స్ కాడనే నిద్రపోయేవాడు" అని ఇప్పటికీ చెప్తుంది. తమిళం వాళ్ళతో గొడవేమీ లేదు, వాళ్ళ ఇంటి సాంబారు మా ఇంటికి, మా ఇంటి పప్పు వాళ్ళింటికి పోయేది. అయినా మూడోదే మూడోదే.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. మా తాత అప్పటికి ఛాంపియన్ రీఫ్‌లో ఇరవై ఏండ్లకు పైగా పని చేసినాడు. సెటిల్మెంట్ డబ్బుతో అప్పులు తీర్చి, మిగిలినదాంట్లో 2004లో మా అత్త పెళ్ళి చేసినాడు. పెళ్ళి వీడియో డిస్కుల్లో ఇచ్చినారు. వాటిని చూడటానికని కొన్నదే ఈ డివిడి ప్లేయర్.

డిస్కు అంటే ఏమిటో ఈ వ్యాసం కోసమే నేర్చుకున్నాను. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు పళ్ళెం. దాని లోపల కంటికి కనపడని గుంటలు వరసగా ఉంటాయి. లేజర్ కాంతి వాటి మీద పడి తిరిగి వచ్చేదాన్ని బట్టి యంత్రం బొమ్మనూ మాటనూ చదువుతుంది. 1993లో వచ్చిన విసిడిలో 74 నిమిషాల బొమ్మే పట్టేది, అందుకే ఒక తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు కావాల్సి వచ్చేది. 1996లో జపానులో డివిడి వచ్చింది. దాంట్లో గుంటలు ఇంకా చిన్నవి, లేజరూ ఇంకా సన్ననిది, ఒక్క డిస్కులోనే సినిమా మొత్తం పట్టింది. ఈ పద్ధతిలో టేపు మాదిరి రాపిడి ఉండదు. కానీ లేజర్ కన్ను ముసలిది అవుతుంది.

గనులు మూసినాక మా ఊరివాళ్ళకు పని బెంగళూరే. మారికుప్పంలో తెల్లవారకముందే రైలు ఎక్కి, రాత్రికి తిరిగి వచ్చేవాళ్ళు. మా చిన్నాయన ఆ రైలులో పదేండ్లు తిరిగినాడు. శనివారం రాత్రి ఆయన సంచిలో టిఫిన్ క్యారియర్ పక్కన డిస్కులు ఉండేవి. వాటిలో చాలా వరకు దొంగ డిస్కులే అని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ చరిత్ర అంటే జరిగింది రాయాలి కదా. తర్వాత మోజర్ బేర్ కంపెనీ విసిడిని 28 రూపాయలకు, డివిడిని 34 రూపాయలకు అమ్మింది. అప్పుడు చిన్నాయన మంచి డిస్కులు కొనడం మొదలుపెట్టినాడు.

నా లెక్కలో ఆ డిస్కులు మా ఇంటికి చేసిన మేలు ఇది: తెలుగు సినిమా మూడోది కాకుండా పోయింది. మా ఇంట్లో, మా వేళకు, మా భాషలో. మా అమ్మ చదివింది కన్నడ మీడియం. కన్నడ అక్షరాలకు తెలుగు అక్షరాలకు పోలిక ఉంది కాబట్టి, డిస్కు అట్టల మీది పేర్లు కూడబలుక్కొని తెలుగు చదవడం నేర్చుకుంది. తలకట్టు దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడుతుంది. నన్ను తెలుగు బడిలో వేయాలని పట్టుబట్టింది ఆమే.

ఆ తర్వాతి కథ మీ అందరికీ తెలుసు, తొందరగా చెప్తాను. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది. ఆ సెప్టెంబరులో జియో వచ్చింది, డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో వచ్చింది. 2020లో తెలుగు కోసమే ఆహా వచ్చింది. మోజర్ బేర్ 2018లో దివాలా తీసింది. తమాషా ఏమిటంటే నెట్‌ఫ్లిక్స్ కూడా 1998లో డివిడిలను పోస్టులో పంపుతూ మొదలయిన కంపెనీయే. 2007లో ఇంటర్నెట్‌లో చూపించడం మొదలుపెట్టింది, 2023 సెప్టెంబరు 29న చివరి డిస్కు పంపింది. శామ్‌సంగ్ 2019లో అమెరికాకు కొత్త బ్లూరే ప్లేయర్లు ఇక తేమని చెప్పింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది.

మా ఊరి పేరు పెట్టుకున్న కె.జి.ఎఫ్. రెండో భాగాన్ని 2022లో మేము ఫోన్లోనే చూసినాం. అదే సినిమా తెలుగులో, తమిళంలో, కన్నడలో ఉంది. ఎవరికి కావాల్సింది వాళ్ళు నొక్కుకోవచ్చు. అవ్వ సగం చూసి, "ఇట్లాంటి కోట ఇక్కడ ఎక్కడుండాది? మేం చూళ్ళేదే" అనింది. ఇప్పుడు మారికుప్పం రైలులో ఎవరి సంచిలోనూ డిస్కులు లేవు, అందరి చేతుల్లోనూ ఫోన్లే.

ఇక డిస్కులు తిరిగి వస్తాయా అంటే, రావనే నేను అనుకుంటున్నాను. కానీ ఫోన్లో అన్నీ ఉన్నాయనే మాట తప్పు. హక్కుల గడువు అయిపోతే సినిమా అక్కడి నుంచి పోతుంది, మనల్ని అడగరు. డిస్కు మన బీరువాలో ఉంటే ఎవరూ తీసుకోలేరు. ఇంకొకటి. చిన్నాయన ఒకసారి ఫోన్లో మాయాబజార్ పెట్టినాడు. అది 2010లో రంగులు వేసి విడుదల చేసింది. అవ్వ రెండు నిమిషాలు చూసి "ఇది కాదు" అనింది. ఆమెకు కావాల్సింది 1957 నాటి నలుపు తెలుపు సినిమా, మా డిస్కులో ఉన్నది.

అప్పుడే ప్లేయర్‌ను కిందికి దించినాం. అది పని చేయలేదు. ఎప్పుడు చెడిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్లు వచ్చినాక దాన్ని ముట్టుకున్నవాళ్ళే లేరు.

సినిమా అయితే ఇంకెక్కడైనా దొరుకుతుంది. అత్త పెళ్ళి దొరకదు. మా తాత నేను పుట్టకముందే, 2008లో పోయినాడు. ఆయన ఫోటోలు నాలుగు ఉన్నాయి. గొంతు ఉన్నది ఆ పెళ్ళి డిస్కుల్లో ఒక్కటే. నేను చిన్నప్పుడు చూసినానంట, గుర్తు లేదు. పెళ్ళి వీడియోలు మీకు తెలుసు కదా, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పెట్టేస్తారు, ఎవరి మాటా వినపడదు. ఒక్క మూడో డిస్కులో, భోజనాల కాడ, పాట పెట్టడం మరిచిపోయినారు. అక్కడ తాత మాట్లాడతాడని అవ్వ చెప్పింది.

ప్లేయర్‌ను రిపేరుకు ఇస్తే, లేజర్ కన్ను పోయింది, ఆ సామాను ఇప్పుడు రాదు అన్నారు. వీడియో తీసిన స్టూడియోలో అడిగితే, ఆ టేపుల మీద వేరే పెళ్ళిళ్ళు తీసేసినామన్నారు. మా స్కూలు కంప్యూటర్లలో డిస్కు పెట్టే చోటే లేదు. చివరికి బెంగళూరులో చిన్నాయన స్నేహితుడి దగ్గర పాత కంప్యూటర్ దొరికింది. మొదటి రెండు డిస్కులు బాగా వచ్చినాయి. మూడోదానికి గీతలు పడి ఉన్నాయి, భోజనాల దగ్గరికి రాగానే ఆగిపోయింది. డిస్కును సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు దాకా తుడిచి, వేగం తగ్గించి మళ్ళీ మళ్ళీ పెట్టినాడంట.

ఆదివారం రాత్రి నాయన ఫోన్లో అందరం చూసినాం. బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది. తెల్ల చొక్కా, భుజం మీద టవలు, అంతే, ముఖం తెలియలేదు. మాట మాత్రం వచ్చింది. కెమెరా పట్టుకున్న అబ్బాయితో అంటున్నాడు: "భోంచేసినావా అప్పా? ముందు భోంచెయ్, ఆనక తీద్దువు."

ఆ మాటకు ముందు చిన్న దగ్గు ఉంది. నేను గమనించలేదు. అవ్వ "మళ్ళీ పెట్టమ్మే" అని, దగ్గు కాడ నా చేయి పట్టుకొని "ఇది, ఇది ఆయనదే" అనింది.

ఇప్పుడు ఆ తునక నాయన ఫోన్లో, చిన్నాయన ఫోన్లో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ ఎన్నేండ్లు ఉంటుందని నాయనను అడిగితే, జవాబు చెప్పకుండా ఇంకొకటి కొనుక్కొచ్చినాడు. ప్లేయర్‌ను పాత సామాన్ల అతనికి వేస్తామంటే అవ్వ ఒప్పుకోలేదు. గుడ్డతో తుడిచి, మూడో డిస్కును దాంట్లోనే పెట్టి, మళ్ళీ బీరువా మీదికి ఎక్కించింది.