అనుమానం ఎవరిది, మంతనాలు ఎవరివి?

1903లో జర్మనీలో అచ్చయిన ఒక ఆత్మకథ పారనోయా (అతి అనుమానపు మనోరోగం) చరిత్రలో అందరూ తిరగేసే పుస్తకమైంది. రాసిన డేనియల్ పాల్ ష్రేబర్ డ్రెస్డెన్ పైకోర్టు న్యాయమూర్తి. దేవుడు కిరణాలు పంపి తనను స్త్రీగా మారుస్తున్నాడని ఆయన నమ్మకం. అలా నమ్ముతూనే కోర్టులో తన వాదన తానే వినిపించి, 1902లో పిచ్చాసుపత్రి నుంచి బయటపడ్డాడు! 1911లో ఫ్రాయిడ్ మనిషిని చూడకుండా, పుస్తకం చదివి రోగమూలం తేల్చేశాడు. అంతా అణచుకున్న కోరికల గొడవే అన్నాడు. పిల్లలు నిటారుగా కూర్చోవాలని ష్రేబర్ తండ్రి తయారుచేసిన బిగింపు పరికరాల ఊసెత్తలేదు.

చూపు మనసులోంచి వీధిలోకి మళ్లడానికి చాలాకాలమే పట్టింది. 1939లో సామాజిక శాస్త్రవేత్తలు ఫారిస్, డన్‌హమ్ షికాగో ఆసుపత్రుల రికార్డులను నగర పటం మీద పరిచారు. స్కిజోఫ్రెనియా కేసులు నడిబొడ్డున, అద్దె గదుల పేటల్లో ఎక్కువగా కనిపించాయి. ఒంటరితనం జబ్బు తెచ్చిందా, జబ్బే మనిషిని ఆ గదికి చేర్చిందా అన్న తగువు అప్పుడే మొదలైంది.

నా లెక్కలో అసలు మలుపు 1962 నాటి సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ లెమర్ట్ వ్యాసం. రోగి చెప్పే కుట్రదారుల గుంపు అతని ఊహలోనిదేనని మనోవైద్యుడు నార్మన్ కామెరాన్ అంతకుముందే అన్నాడు. అలాంటి రోగులు పనిచేసిన చోట ఏం జరిగిందో లెమర్ట్ ఆరా తీశాడు. 'తలనొప్పి మనిషి' అని పేరుపడ్డవాడు రాగానే మాటలు ఆగిపోతాయి. ఎదురుగా అన్నిటికీ తలూపుతారు, వెనక విడిగా కూర్చుని మాట్లాడుకుంటారు. తప్పేమిటో ముఖాన చెప్పేవాడే ఉండడు. అతని అనుమానం పెరుగుతుంది, అది చూసి వీళ్ల జాగ్రత్తా పెరుగుతుంది. అంటే గుంపూ ఉంది, మంతనాలూ నిజమే. గోరంతను కొండంత చేసుకోవడమే అతని వంతు. చెవిలో గొంతులు వినిపించేవాడికి ఈ వివరణ చాలదు, మందులూ కావాలి. అయినా వెలివేతను ఇంత దగ్గరగా చూసినవాళ్లు తక్కువ.

1964లో చరిత్రకారుడు హాఫ్‌స్టాటర్ అమెరికా రాజకీయాల్లోని ఒక ధోరణికి పారనోయా పేరే పెట్టాడు. ఎవరినీ రోగులనడం లేదని చెప్పుకున్నా, ప్రత్యర్థి మాట వినకుండా తోసెయ్యడానికి అదొక తిట్టుగా స్థిరపడింది. సోవియట్ యూనియన్‌లో తిట్టుతో ఆగలేదు. ఉత్తరాలను సర్కారు విప్పి చదువుతోందని రాసిన జీవశాస్త్రజ్ఞుడు జోరెస్ మెద్వెదేవ్‌ను 1970లో కలూగా ఆసుపత్రిలో 19 రోజులు బంధించారు. ఉత్తరాలు విప్పుతున్న మాట వాస్తవమే.

మరి అనుమానాన్ని ఇలా విడమరిచిన సామాజిక శాస్త్రం సంగతేమిటి? పారనోయా రోగనిర్ణయం, డిటెక్టివ్ నవల, సామాజిక శాస్త్రం దాదాపు ఒకే కాలంలో ఎదిగాయని ఫ్రెంచి పండితుడు లూక్ బోల్తాన్‌స్కీ 2012లో చూపించాడు. కనిపించేదాని వెనక మరేదో నడిపిస్తోందన్న శంక మూడింటిలోనూ ఉంది. ఆయన దేశస్థుడే బ్రూనో లాటూర్‌కు 2004లోనే ఈ దిగులు పట్టుకుంది: శాస్త్రాన్ని ప్రశ్నించడానికి తమలాంటివాళ్లు నేర్పిన పద్ధతినే భూతాపాన్ని కాదనేవాళ్లు ఎత్తుకుపోయారని.