గోల్కొండ రాయి, చిలకలపూడి గొలుసు

కపిలేశ్వరపురంలో మా వాళ్ళని ఆటపట్టించడానికి ఒక మాట ఉంది. "ఏం సాయిబూ, నవాబుగారి వజ్రాలెక్కడ దాచారు?" అంటారు. మేమూ నవ్వేస్తాం. మా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకి పెట్టుకునేవి చిలకలపూడి గొలుసులు. అసలు బంగారమంటూ ఉంటే నల్లపూసల మధ్య నాలుగు గుండ్లు. ఆ నల్లపూసలు పక్కింటి హిందూ అమ్మాయి మెడలోనూ ఉంటాయి. నవాబుల లెక్క మాత్రం మమ్మల్నే అడుగుతారు. సరే, ఆ లెక్కేదో చూద్దాం.

గోల్కొండలో వజ్రాలు పండలేదు. అది వాటిని అమ్మిన రాజ్యం పేరు. రాళ్ళు దొరికింది కృష్ణ ఒడ్డున, కొల్లూరులాంటి చోట్ల. 1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ఐరోపా కిరీటాల్లో మెరిసిన వజ్రాలు దాదాపు అన్నీ మన దేశానివే. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కొల్లూరు చూసి, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళు. గని సుల్తానుది, బేరం షావుకార్లది, గొయ్యి కూలివాళ్ళది.

అతను పట్టుకెళ్ళిన సుమారు 115 కేరట్ల నీలి వజ్రం 1668లో పద్నాలుగో లూయీకి చేరింది. 1673లో దాన్ని మళ్ళీ కోశారు. 1792లో దొంగలు ఎత్తుకెళ్ళారు. ఇంకా చిక్కి 45 కేరట్లయిన ఆ రాయి ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. అది కొల్లూరుదేనని ఎక్కువమంది పరిశోధకుల మాట. అమ్మినవాడి పేరు చరిత్రలో ఉంది. కొన్న రాజు పేరు ఉంది. తర్వాత దాచుకున్న హోప్ అనే బ్యాంకు కుటుంబం పేరే ఆ రాయికి స్థిరపడింది. తవ్విన చేతి పేరు ఎక్కడా లేదు.

రాయితోపాటు మన పనితనం కూడా సముద్రం దాటింది. మొఘల్, దక్కన్ దర్బారుల పనివాళ్ళు పచ్చలమీద, కెంపులమీద ఆకులూ పూలూ చెక్కేవారు. ఆ పచ్చలు కూడా చాలామటుకు దక్షిణ అమెరికాలోని కొలంబియావి. పోర్చుగీసు వర్తకుల ద్వారా గోవా చేరినవి. అంటే రాయి ఒక దేశానిది, చెక్కడం మనది. చెక్కేవాళ్ళలో, మీనా పనివాళ్ళలో ముస్లింలు ఉన్నారు. బంగారం కరిగించి పోతపోసేవాళ్ళలో హిందూ కంసాలులు ఉన్నారు. తెలుగువాళ్ళు అందమైన పిల్లని 'కుందనపు బొమ్మ' అన్నప్పుడు ఈ ఉమ్మడి పనినే తలుచుకుంటారు.

1911లో ఢిల్లీ దర్బారు సందర్భంగా కార్టియర్ కంపెనీ కుటుంబంలోని జాక్ కార్టియర్ మన దేశానికి వచ్చాడు. 1920ల్లో ఆ కంపెనీ ఇక్కడి చెక్కుడు రాళ్ళని ప్లాటినంలో పొదిగి పారిస్‌లో అమ్మింది. ఆ తరహాకి 1970ల్లో 'టుటీ ఫ్రూటీ' అని పేరొచ్చింది. మనం రొట్టెలో ఏరుకు తినే టుటీ ఫ్రూటీయే! 1936లో డైసీ ఫెలోస్ అనే శ్రీమంతురాలికి చేసిన హారాన్ని మాత్రం 'హిందూ హారం' అన్నారు. వాళ్ళ భాషలో ఆ మాటకి అప్పట్లో భారతీయమనే అర్థం. అందుకు మాకు కోపం లేదు. పారిస్ వాడి లెక్కలో మేమూ ఈ దేశంవాళ్ళమే. మా బాధ ఇక్కడి లెక్కతోనే. పనితనం గురించి చెప్పేటప్పుడు మా ఊసు రాదు. సొమ్ము గురించి అడిగేటప్పుడు మాత్రం మేమే గుర్తొస్తాం.

ఆ సొమ్ము సంగతీ చెబుతాం. 1766 ఒప్పందంతోనే మా గోదావరి సీమ నిజాం నుంచి ఇంగ్లీషు కుంపెనీకి పోయింది. 1947లో ఏడో నిజాం ఎలిజబెత్ పెళ్ళికి కార్టియర్ వజ్రాలహారం కానుకిచ్చాడు. ఆ కానుక ఇచ్చేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు! 1995లో భారత ప్రభుత్వం 173 నిజాం నగలని 218 కోట్లకి కొంది. అవి రిజర్వు బ్యాంకు ఖజానాకి చేరాయి. ఇప్పుడవి దేశానివి, అంటే మీవీ మావీ.

గోల్కొండ సరుకు ఓడలెక్కిన రేవు మచిలీపట్నం. చిలకలపూడి దాని పక్కనే. అసలు సరుకు ఆ రేవు దాటిపోయింది. మా మెళ్ళోకి వచ్చింది రాగిమీది బంగారు పూత. కొల్లూరు గనులు పులిచింతల నీళ్ళకింద మునిగాయి. అక్కడ మట్టి మోసినవాళ్ళలో మీ ముత్తవ్వలూ ఉండొచ్చు, మా ముత్తవ్వలూ ఉండొచ్చు. వజ్రాలెక్కడ దాచారని ఈసారి ఎవరైనా అడిగితే మేమూ ఒకటి అడుగుతాం: వాళ్ళ పేర్లెక్కడ దాచారు?